విరగని కొమ్ము

ఆర్మూర్‌లో రజని పేరెత్తితే ఎవరైనా మొదట అనే మాట, "గామెకు ధైర్యం జర ఎక్కువ" అని. అందులో మెచ్చుకోలు సగం, ఎత్తిపొడుపు సగం. పుట్టింది మెండోరలో, బీడీలు చుట్టే ఇంట్లో. ఒడిలో చాట, చాట పక్కన పుస్తకం పెట్టుకుని చదివింది. డిగ్రీ, బీఎడ్ అన్నీ తెలుగు మీడియమే. అయినా ఇంగ్లిష్ టీచర్‌నే అవుతానని మొండికేసింది. తెలుగు చెబుతానంటే ఏ బడి అయినా కళ్లకద్దుకుని తీసుకునేది. వినదే! చిన్నప్పుడు రేడియోలో ఇంగ్లిష్ వార్తలు అర్థం కాకపోయినా చెవులు రిక్కించి విన్న పిల్ల, పెద్దయ్యాక మాత్రం ఎందుకు మారుతుంది?

అడిగిన ప్రతి బడీ "తెలుగు మీడియం కదమ్మా" అని మర్యాదగా గుమ్మం దాకా సాగనంపింది. చివరికి ఒక ప్రైవేటు బడి కరస్పాండెంట్ హన్మండ్లు సార్ మాత్రం ఒక అవకాశం ఇచ్చాడు.

"ఆరో తరగతికి ఒక్క పీరియడ్ చెప్పి చూపియ్యమ్మా. బ్రోకెన్ అనే మాట తీస్కో. దాని అర్థాలు, దానికి బదులు వాడే మాటలు. కాకపోతే మాట్లాడాల్సింది నువ్వు కాదు, పిల్లలు. గీ క్లాసుల నోరు తెరిపిచ్చినోళ్లు ఇప్పటిదాంక లేరు."

ఇది కూడా తప్పిపోతే ఊళ్లో అడగడానికి ఇంకో బడి మిగల్లేదు. మళ్లీ బీడీల చాట ముందు కూర్చోవాల్సిందే. ఆ సంగతి రజనికి బాగా తెలుసు. తెలిసినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, అదీ ఆమె తీరు.

పాఠం గురించి ఆలోచించిన కొద్దీ ఆమెకు నవ్వొచ్చింది. మనకు ప్రతి వస్తువుకూ దానిదైన మాట ఉంది. కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది, ఫోను చెడిపోతుంది, మనిషి మాట తప్పుతాడు. పుస్తెలతాడు తెగితే తెగింది అని కూడా అనం, పెరిగింది అంటాం. ఇంగ్లిష్‌వాళ్లేమో అన్నిటికీ బ్రోకెన్ అనేసి చేతులు దులుపుకుంటారు. మరీ విడమరచి చెప్పాలనిపిస్తే తునాతునకలైనదాన్ని షాటర్డ్ అంటారు, బీటవారితే క్రాక్డ్, ఎముక విరిగితే ఫ్రాక్చర్డ్, టక్కున విరిగితే స్నాప్డ్. ఇవన్నీ బోర్డు మీద రాస్తే పిల్లలు దించుకుంటారు, సాయంత్రానికి మరిచిపోతారు. చెవితో వినాలి, చేత్తో చూడాలి. అలా అనుకోగానే ఆమెకు పసుపు కొమ్ము గుర్తొచ్చింది. ఎండిన కొమ్మును విరిస్తే వచ్చే టక్ మనే చప్పుడు ఈ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. కొనేవాడు రాశిలో చెయ్యి పెట్టి, ఒక కొమ్ము తీసి విరిచి, ఆ చప్పుడు విన్నాకే ధర మాటెత్తుతాడు.

పొద్దున్నే ఇంటి వెనక ఎండబోసిన పసుపు దగ్గరికి వెళ్లింది. ఉడికించి ఎండకు వేసి కొన్నాళ్లే అయింది. చివరి బెంచీ వాళ్లకు కూడా కనబడాలని అన్నిటికంటే లావుపాటి కొమ్ము ఏరుకుంది. అత్త లక్ష్మీనర్సమ్మ పళ్లు తోముకుంటూ చూసింది.

"లావుది జల్ది ఎండదు బిడ్డా. ఇంకోటి ఇరిచి చూస్కోని తీస్కపో."

"పసుపు ఇంట్ల ఉండుకుంట గది నాకు తెల్వదా అత్తమ్మా? ఫికర్ చేయకు."

లక్ష్మీనర్సమ్మ మళ్లీ పళ్లు తోముకోవడంలో పడింది. కోడలి సంగతి ఆమెకు కొత్త కాదు.

క్లాసులో హన్మండ్లు సార్ చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రజని మట్టి ముంత కింద పడేసింది. ముక్కలైంది. దారం తెంపింది. బీటవారిన పలక చూపించింది. అన్నిటికీ ఇంగ్లిష్ మాటలు చెప్పింది. పిల్లలు బొమ్మల్లా చూశారు. మొదటి బెంచీలో ఏర్గట్ల నుంచి వచ్చే వర్షిత అయితే ఏమడిగినా తల మాత్రం ఊపుతోంది. పర్వాలేదు, అసలు అస్త్రం ఇంకా సంచిలోనే ఉంది అనుకుంది రజని.

కొమ్ము తీసి పైకెత్తింది. "లిజన్!" అని రెండు చేతులతో విరిచింది.

చప్పుడు రాలేదు. కొమ్ము వంగింది. గట్టిగా విరిచింది. ఇంకొంచెం వంగింది తప్ప విరగలేదు. క్లాసంతా పగలబడి నవ్వింది.

నౌకరి పోయింది అనుకుంది రజని. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ ఆ నవ్వుతో పాటు ఇంకోటి కూడా వినబడింది. పిల్లలు అరుస్తున్నారు! "ఎండలే మేడం! లోపట పచ్చిగున్నది!" ఇప్పటిదాకా బొమ్మల్లా ఉన్నవాళ్లకు ఇప్పుడు చెప్పడానికి ఏదో ఉంది.

"అయితే ఈజ్ ఇట్ బ్రోకెన్?" అంది రజని, కొమ్ము అలాగే పైకెత్తి.

"నో మేడం!"

"వై? ఇంగ్లిష్‌ల చెప్పినోళ్లకే కొమ్ము చేతికిస్త."

వర్షిత లేచి నిలబడింది. "వెట్ ఇన్‌సైడ్, మేడం," అంది మెల్లగా. కొమ్ము చేతికి రాగానే గొంతు కొంచెం పెరిగింది. "సన్ వాంట్. మై ఫాదర్ వెయిట్. దెన్ బ్రోకెన్."

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఒకరి చెప్పు బ్రోకెన్, ఒకరి ఆటో బ్రోకెన్. నందిని అనే పిల్ల అయితే దుబాయ్ నుంచి సైకిల్ తెస్తానని తేని మామ మీద ఎప్పటి కోపమో వెళ్లగక్కింది: "మామ ప్రామిస్ బ్రోకెన్!" తప్పులు కుప్పలు తెప్పలు. రజని ఒక్కటీ దిద్దలేదు, దిద్దడానికి ముందు బోలెడు రోజులున్నాయన్న నమ్మకంతో. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

బయట వరండాలో హన్మండ్లు సార్ ఆమెను ఆపాడు.

"గా వర్షిత గొంతు నేను ఇయ్యాల్నే ఇన్న. పచ్చి కొమ్ము కావాలనే తెచ్చినవా అమ్మా?"

అవునంటే ఎంత బాగుండేది! రజనికి ఆ ఆశ కలిగింది కూడా.

"లేదు సార్. ఎండిందే అనుకున్న. మా అత్తమ్మ చూస్కో అన్నది, నేనే ఇనలే."

ఆయన పెద్దగా నవ్వాడు. "సోమారం నుంచి రా. క్లాసు నీదే."

ఇంటికొచ్చేసరికి లక్ష్మీనర్సమ్మ ఎండలో పసుపు తిరగేస్తోంది. పొద్దుటి నుంచీ మనసు బడి మీదే ఉన్నట్టుంది, కోడల్ని చూడగానే నడుం ఎత్తింది.

"ఇరిగిందా బిడ్డా?"

"ఇరగలే అత్తమ్మా."

ముసలామె మొహం వాడిపోయింది. "చెప్పిన గద నేను..." అంది, తిట్టడానికి కూడా మనసు రాక.

రజని చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపి, ఆమె పక్కన పసుపు తిరగేయడానికి వంగింది.

"నౌకరి వచ్చింది," అంది.