మేకుకి వేలాడే ఇత్తడి గరిటె

ఆ రోజుల్లో కొత్త కోడలికి అత్తగారంటే ఎంత భయమో, అత్తగారి వంటింటి సామానంటే అంతకి రెండింతలు భయం. (ఆ రోజులంటే మరీ పాతకాలం కాదు లెండి. అప్పటికే మా ఆయన జేబులో సెల్‌ఫోన్ ఉండేది. దాంట్లో బ్యాలెన్స్ ఉండేది కాదు, అంతే.) ఏ గిన్నె ఎక్కడ బోర్లించాలో, ఏ చెంచా ఎవరి పళ్ళెంలో వెయ్యాలో ఎవరూ చెప్పరు, తప్పు చేస్తే మాత్రం అందరికీ తెలిసిపోతుంది. మండపేట నుంచి తణుకు కాపురానికొచ్చేటప్పుడు నేను చీరల మడతల మధ్య ఒక చిన్న చెంచా దాచి తెచ్చుకున్నాను. దాని కాడ చివర చిన్న పువ్వుండేది. పసిదానిగా ఉన్నప్పుడు మా అమ్మ దాంతోనే నాకు పరమాన్నం తినిపించేదట. ఉప్మా అయినా, పాయసమైనా దాంతో తింటేనే నాకు తిన్నట్టుండేది. డిగ్రీ చదివిన పిల్ల చెంచా కోసం బెంగపడుతోందంటే నవ్విపోతారని ఆ సంగతి ఎవరితోనూ అనకుండా, దాన్ని మెల్లగా వంటింటి డ్రాయర్లో మిగతా చెంచాల్లో కలిపేశాను.

తీరా చూస్తే అత్తారింట్లో వాళ్ళు నన్ను మించినవాళ్ళు. మావయ్యగారు అంచు అరిగిపోయిన చెంచాతో తప్ప టిఫిను ముట్టరు. మా ఆయనకి కాడ పొడుగ్గా ఉన్నది కావాలి, అది దొరక్కపోతే ఉప్మా చల్లారి రాయైపోయినా సరే వెతుకుతూ కూర్చుంటారు. ఇక ఆ ఇంట్లో నాకు చూస్తేనే గుండె దడ పుట్టించిన వస్తువు ఒక ఇత్తడి గరిటె. మోయలేనంత బరువు, పైగా కాడ వంకర. పప్పుగిన్నెలో పెట్టి చెయ్యి వదిలామా, మెల్లగా పక్కకి ఒరిగి, పప్పుతో సహా ఎవరి పాదం దగ్గరుంటే దాని మీద పడేది. అయినా అత్తయ్యగారు రోజూ దాంతోనే వడ్డించేవారు. నేను చెయ్యి వేయబోతే, "దాని జోలికెళ్ళకమ్మా, నేను చూసుకుంటాను" అనేవారు. తనే తోమి, తనే వంటింట్లో ఒక మేకుకి విడిగా తగిలించి, తగిలించాక కాసేపు దాని వంక చూసేవారు. అది భక్తి అనుకున్నాను నేను.

ఒకరోజు పొద్దున్నే అత్తయ్యగారు అన్నవరం ప్రయాణం పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "అటక మీంచి పాత ఇత్తడి సామానంతా దింపి నూతి గట్టు దగ్గర పెట్టానమ్మా. సామాన్లవాడొస్తే వేసేసి, ఏదో ఒకటి తీసుకో" అని చెప్పి ఆటో ఎక్కారు. నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని! పది గంటలకల్లా "పాత ఇత్తడికి స్టీలు సామానేనమ్మా" అంటూ మోపెడ్ వచ్చింది. నూతి గట్టు దగ్గరున్నదంతా ఊడ్చినట్టు వాడి గోతంలో పోసి, ఒకేలాంటి ఆరు స్టీలు చెంచాలు తీసుకున్నాను. తళతళలాడిపోతున్నాయి. అత్తయ్యగారు మెచ్చుకుంటారని ఒకటే సంబరం.

మధ్యాహ్నం వడ్డిస్తుంటే మావయ్యగారు పప్పు వైపు చూసి, "గరిటె మారిందేంటమ్మా?" అన్నారు. మేకు వైపు చూశాను. బోసిగా ఉంది. మా ఆయన కూడా నాతో పాటే అటు చూశారు. "తోమి ఆరబెట్టానండీ" అన్నాను. "జాగ్రత్తమ్మా. అది మా అమ్మ చేతి గరిటె. పోయే ముందు మీ అత్తయ్యని పిలిచి మరీ అప్పగించింది" అని ఆయన పప్పన్నం కలుపుకున్నారు. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా వెనకే పెరట్లోకి వచ్చి, "దాన్ని పారేశావా?" అన్నారు, దొంగతనం చేసిన వాళ్ళలాగా గుసగుసగా. "అమ్మ దాన్ని మమ్మల్నే ముట్టుకోనివ్వదే! ఐదింటికల్లా వచ్చేస్తుంది!"

కొత్త చెంచాలు వాడికి తిరిగిచ్చేద్దామని, పొద్దున వాటిని వేసిన డ్రాయర్లోంచి చేతికందినవి ఆరు తీసుకుని ఆయన బండెక్కాను. తణుకులో మేం తిరగని వీధి లేదు. చివరికి పంచదార ఫ్యాక్టరీ దాటాక ఒక పాత సామాన్ల కొట్టు ముందు ఆ మోపెడ్ కనిపించింది. లోపల ఇత్తడి గుట్ట. అందులో గరిటెలే బోలెడు, అన్నీ ఒకదాని మసి ఒకటి పూసుకుని, అన్నీ వంకరే. "మనది ఏదండీ?" అన్నాను. "నన్నడుగుతావేంటి, వంటింట్లో ఉండేది నువ్వు కదా" అన్నారు. (పుట్టిన దగ్గర్నించీ ఆ గరిటెతో వడ్డించిన పప్పే తిన్న మనిషి!) అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. అక్కడున్న బొక్కెనలో ఒక్కో గరిటె పెట్టి చెయ్యి వదలసాగాను. బుద్ధిగల గరిటెలన్నీ నిలబడ్డాయి. ఒకటి మాత్రం మెల్లగా ఒరిగి, గాల్లోకి లేచి, సూటిగా వచ్చి నా బొటనవేలి మీద పడింది. ప్రాణం పోయినంత నొప్పి. "దొరికిందండీ!" అని అరిచాను, సంతోషంతో.

కొట్టాయన, "ఆ ఆరు చెంచాలూ ఇచ్చేసి పట్టుకెళ్ళండమ్మా" అన్నాడు. ఇస్తుంటే చూశాను. వాటిలో ఒకటి కొత్తది కాదు. కాడ చివర పువ్వు. కంగారులో నా చెంచాని కూడా పట్టుకొచ్చేశాను. "ఇది కాదండీ, ఇది నాది" అన్నాను. "అయితే ఇంటికెళ్ళి ఇంకోటి తెండి" అన్నాడాయన. మా ఆయన వాచీ చూసుకుని, "నాలుగున్నరైంది" అన్నారు. అమ్మ చేతి చెంచా ఒక చేతిలో, అత్తయ్యగారి గరిటె ఒక చేతిలో పట్టుకుని ఇటూ అటూ చూశాను. భయమే గెలిచింది. చెంచా ఇచ్చేశాను. బండి మీద దారి పొడుగునా గరిటెను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. వేలు నొప్పేమో అనుకున్నారు మా ఆయన.

అత్తయ్యగారు లోపలికొస్తూనే మేకు వైపు చూశారు. నేను హడావిడిగా తోమి తగిలించిన గరిటె మెరిసిపోతూ వేలాడుతోంది. ప్రసాదం పొట్లం దేవుడి దగ్గర పెట్టడం మరిచి నా చేతిలో పెట్టేశారు. మావయ్యగారు వీధిలోకి వెళ్ళేదాకా ఆగి, నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, "సామాన్లవాడు రాలేదా?" అన్నారు.

నేను జరిగిందంతా చెప్పాను. చెంచా సంగతి కూడా. ఆవిడ నూతి గట్టు మీద కూలబడ్డారు.

"ఓసి పిచ్చిదానా! రోజూ మేకుకి తగిలించేదాన్ని, ఈవేళ ఆ గుట్టలో ఎందుకు పెట్టాననుకున్నావ్? అది ఒరిగి పప్పు ఒలికిపోయినప్పుడల్లా గరిటె పట్టడం రాని పిల్లవని మా అత్తగారి చేత తిట్లు తిన్నాను. కాలు కాల్చుకున్నాను. ఆ తిట్లు నీకొద్దనే నిన్ను ముట్టుకోనివ్వలేదు. నా చేత్తో నేను పారేస్తే మీ మావయ్యగారికేం చెప్పను? నాకూ భయమే కదే! ఎవరికీ తెలీకుండా పోతుంది, ఎవరి తప్పూ కాదు అనుకున్నాను. నువ్వేమో నీ చెంచా ఇచ్చి మరీ వెనక్కి తెస్తివి!"

నేను బావురుమన్నాను. ఆవిడ ముందు నవ్వారు, తర్వాత కొంగుతో నా మొహం తుడిచారు, ఆ తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం. మర్నాడు పొద్దున్నే ఆ కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. సరుకంతా రాత్రే లారీకెక్కిపోయిందట. అత్తయ్యగారు తిరిగొచ్చే దారంతా నా చెయ్యి వదల్లేదు.

మావయ్యగారు పోయి కొన్నేళ్ళయింది. గరిటె ఏమైందని అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అది మాత్రం ఆ మేకుకే ఉంది. కాకినాడలో చదువుతున్న మా అమ్మాయి కిందటి వారం వచ్చి, "హాస్టల్ మానేసి రూము తీసుకుంటున్నామమ్మా. ఆ గరిటె ఇవ్వవా, వింటేజ్ లుక్ భలే ఉంది" అంది. మంచం మీద పడుకున్న అత్తయ్యగారు ఒక్క ఉదుటున లేచి కూర్చుని, "ఇచ్చెయ్యవే! తనంతట తనే అడుగుతోంటే!" అన్నారు.

నేను దాన్ని మేకు మీంచి తీశాను. అదే బరువు, అదే వంకర. మా అమ్మ చెంచాకి బదులుగా నా దగ్గర మిగిలింది అదొక్కటే. మళ్ళీ తగిలించేసి, "నీకు కొత్తది కొంటాలేవే" అన్నాను.