సుగుణ ఎర్ర స్కూటరు... నా గరగర చక్రాలు

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం మా పెదనాయన కూతురు సుగుణ ఎర్ర స్కూటరు తోసుకుంటా వీధిలోకి వచ్చింది. ఒక కాలు పలక మీద పెట్టి, ఇంకో కాలితో నేలను తన్నుకుంటా పొయ్యే పిల్లల స్కూటరు. మద్రాసులో ఉద్యోగం చేసే వాళ్ళ మేనమామ తెచ్చినాడంట.

వాకాడు దగ్గర మా ఊరు. వీధంతా సముద్రపు ఇసక. స్కూటరును చంకన పెట్టుకోని తారు రోడ్డు దాకా మోసుకుపోవాల్సిందే. పిల్లోళ్ళందరం దాని వెంటే పరిగెత్తాం.

రోడ్డెక్కినాక చూడాల దాని సోకు... రబ్బరు చక్రాలు. చప్పుడే లేదు. సుగుణ జడలు రెండూ గాలికి వెనక్కి లేస్తా ఉంటే, నా కళ్ళల్లో కారం కొట్టినట్టుండింది.

అందరికీ తలా ఒక చుట్టు ఇచ్చింది. నా వంతు వచ్చేసరికి, "మే రత్నా, నీ కాళ్ళకు ఇసక ఉండాది. కడుక్కోని రా" అనింది. నేను బావికాడికి పొయ్యి, పాదాలు రుద్ది రుద్ది కడుక్కోని వచ్చేసరికి స్కూటరు వాళ్ళింటికి పోయింది...

ఆ పూట అన్నం సయించలా.

మా నాయన పడవలు బాగుచేసే వడ్రంగి. "నాయనా, నాకూ స్కూటరు గావాల" అని ఏడిస్తే, "దాందేముండాది, నేను చేసిస్తా పో" అన్నాడు. పడవ చెక్కతో పలక, పిడి చేసినాడు. తుమ్మ మొద్దును అడ్డంగా కోసి రెండు చక్రాలు తీసినాడు. రెండు రోజులు ఎండబెడదామన్నాడు గానీ నేను ఆగితే గదా!

నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. కానీ పచ్చి కొయ్య గదా, రోడ్డు మీది ఎండకు నెర్రెలిచ్చినాయి. సుగుణ చూస్తా ఉండగానే, రోడ్డు మధ్యలో ముందు చక్రం రెండు చెక్కలయింది. నేను బోర్లా పడ్డా. మోకాలు చెక్కుకుపోయింది.

సుగుణ నవ్వినా బాగుండేది... అది వచ్చి నన్ను లేపి, పావడా దులిపి, "పాపం మే" అనింది. ఆ 'పాపం' అన్న మాటకు మోకాలి కంటే ఎక్కువ మండింది నాకు.

ఆ వారంలోనే, ఈసారి ఇనప చక్రాలు ఏద్దామని నాయన నన్ను బస్సెక్కించి నాయుడుపేట తీసకపోయినాడు. లారీలు బాగుచేసే షెడ్డులో ఆయనకు తెలిసినాయన ఒకడుండేవాడు. కిరసనాయిలు గిన్నెలో మునిగున్న పాత బేరింగులు మా ముందు బోర్లించి, "ఏరుకోండి" అన్నాడు.

నేను తళతళా మెరుస్తున్నది ఒకటి తీసినా. నాయన దాన్ని వేలికి తగిలించి ఒక తిప్పు తిప్పి, నా చెవికాడ పెట్టినాడు.

"ఏం వినపడతా ఉండాది?"

"కరకరా అంటుండాది నాయనా."

"లోపల గుండ్లు అరిగిపోయినయ్ తల్లీ. మెరుపు జూసి తీసుకోబాక."

అట్టా ఒక్కొక్కటి తిప్పుతా, వింటా... షెడ్డులో కూర్చోని ఎంతసేపున్నామో. చివరికి సన్నగా, ఆగకుండా గుయ్‌మని తిరిగేవి దొరికినాయి. ముందుకు పెద్దది, వెనక చిన్నది. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకోని వచ్చినా. పావడా నిండా నల్ల మరకలు... అమ్మ చేత తిట్లు.

నాయన వాటిని బండికి బిగించినాక, తారు రోడ్డు మీద తన్నినానా... గరగరగరా! ఊరు లేచి వచ్చిందంటే నమ్మండి. చేపల గంపలు దించుకోని ఆడోళ్ళు నిలబడిపోయినారు. పిల్లోళ్ళందరూ ఎర్ర స్కూటరు వదిలేసి నా వెంట పరిగెత్తినారు. సుగుణ ఒక్కతే దాని పిడి పట్టుకోని నిలబడింది.

కాసేపటికి తనే వచ్చింది. "ఒకసారి మార్చుకుందామా?"

ఆ మాట కోసమే గదా నేను అన్నాళ్ళూ చచ్చింది! ఎర్ర స్కూటరెక్కినా. మెత్తగా, నీళ్ళ మీద పడవలాగా పోయింది. ఇంతేనా, అనిపించింది... వెనక్కి తిరిగి చూసినా.

నా బండి మీద సుగుణ. దాని పక్కనే పిడి పట్టుకోని పరిగెత్తుతా మా నాయన. "బయపడబాక తల్లీ, నేను పట్టుకోనుండా!"

తల్లీ అంట! కాళ్ళకింద ఎర్ర స్కూటరుండాదన్న మాటే మర్చిపోయినా. దాన్ని రోడ్డు మీదే పడేసి పరిగెత్తి, "దిగు! నా బండి నాకియ్యి!" అని అరిచినా.

సుగుణ దిగింది. కోప్పడలా. "మా నాయన ఒక్కసారన్నా ఇట్టా నాతో రోడ్డు మీదికి రాలా. నీకేం మే..." అనింది.

పెదనాయనది ఎండుచేపల వ్యాపారం. ఇంట్లో ఉండేదే తక్కువ. ఉన్నా పిల్లలు ఆయన ఎదురుగా మాట్లాడేవాళ్ళు కాదు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు జాలి కలగలా. నన్ను చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటారా అని గర్వమేసింది, అంతే.

తర్వాత సుగుణే వచ్చి అడిగింది, "చిన్నాయనా, నా బండికి కూడా అట్టాంటి చక్రాలు ఏస్తావా?" అని. నేను వద్దని కాళ్ళు కొట్టుకున్నా నాయన వినలా. ఇద్దర్నీ నాయుడుపేట తీసకపోయినాడు. బస్సులో దారి పొడుగునా నేను మూతి ముడుచుకోనే ఉన్నా. సుగుణ నిదానంగా కూర్చోని, ఒక్కొక్క బేరింగు చెవికాడ పెట్టుకోని ఏరుకునింది. తీరా చూస్తే, దాని చక్రాలు నా వాటి కంటే బాగా తిరిగినాయి... మళ్ళా మొదలు నాకు కడుపుమంట!

వోణీలు వేసినాక, ఆడపిల్లలు రోడ్డు మీద ఏందని రెండు బండ్లూ అటకెక్కించినారు.

ఇప్పుడు మా మనవడికి స్కూటరు పెట్టెలో ఇంటికే వచ్చింది. చక్రాల్లో లైట్లు కూడా వెలుగుతాయి. అపార్ట్‌మెంటు కింద ఒక్కడే రెండు చుట్లు తిరిగి, బోరు కొడుతుందని పైకొచ్చేస్తాడు. వాడికి అన్నీ ఉన్నాయి... కుళ్ళుకోవడానికి పక్కింట్లో ఒక సుగుణే లేదు.

మరి మీరు చిన్నప్పుడు ఎవరి దగ్గర ఏం చూసి కుళ్ళుకున్నారు? మొహమాటపడకుండా కింద రాయండి... ఇన్నేళ్ళయింది, ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోరులే.