మండని వేళ్లు

మిరపకాయల తొడిమలు తీసి వచ్చాక, చేతుల మంట చల్లారడానికి అందరం మజ్జిగలో వేళ్లు ముంచుకుని కూర్చునేవాళ్లం. ఓ సాయంత్రం నా చిటికెన వేలు, ఉంగరపు వేలు మండలేదు. "నీ చెయ్యి అదృష్టం చేసుకుందే!" అంది పక్కనామె. నేనూ మురిసిపోయాను, తెలివితక్కువదాన్ని.

వారం తిరక్కుండా అన్నం వార్చి చూసుకుంటే ఆ వేళ్ల మీద బొబ్బలు లేచి ఉన్నాయి. గంజి ఎప్పుడు పడిందో తెలియనే లేదు.

గుంటూరులో డాక్టరుగారు నన్ను కళ్లు మూసుకోమని సూదితో గుచ్చి చూశారు. "మిరప ఘాటుకి చర్మం కాలదమ్మా. వేడిని పసిగట్టే నరాలు మోసపోయి, కాలుతోందని మెదడుకి కబురు పంపుతాయి. మీకు ఆ నరాలే మొద్దుబారుతున్నాయి" అన్నారు.

మందులు మింగుతున్నాను. రోజూ పొద్దున్నే మిరపకాయ చీల్చి వేళ్లన్నిటికీ రుద్దుకుని, మండమని బతిమాలుకుంటూ కూర్చుంటాను.

నిన్న మధ్యవేలు కూడా మండలేదు.