బాపట్లలో ఉంచుకున్న సర్టిఫికెట్లు

మా ఆయన సర్టిఫికెట్లు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఆయన పోయాక వాటితో ఎవరికీ పని లేదు. ఒక వేసవిలో మాత్రం అవి మా ఇంట్లో లేవు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. తెనాలిలో ఆయన కెమిస్ట్రీ చెప్పే జూనియర్ కాలేజీ మూతపడింది. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. మొదటిసారి సబ్జెక్టు అడిగారు. రెండోసారి పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పించారు. మూడోసారి కాలేజీ నడిపే కరస్పాండెంటు గారే మాట్లాడారు.

ప్రతిసారీ రైలు దిగి ఇంటికి రాగానే, చొక్కా కూడా మార్చకుండా వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పేవారు.

"పాఠం మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు తెలుసా?"

"మంచిదేగా."

"టీ ఇచ్చారు. మకాం బాపట్లకి మారుస్తారా అని అడిగారు. తీసుకోనివాణ్ణి ఆ మాట ఎందుకడుగుతారు?"

నేను జవాబు చెప్పేలోపే తనే ఇంకోటి గుర్తుచేసుకునేవారు. ఎదుటివాళ్ళ ముఖాల్లో తన గురించి ఏం రాసి ఉందో చూడటం ఆయనకు ఆ వేసవిలోనే అలవాటైంది. చాలా ఏళ్ళ తర్వాత గుంటూరు ఆస్పత్రిలో డాక్టరు వచ్చి వెళ్ళాక కూడా నన్ను అలాగే అడిగేవారు. నవ్వాడు చూశావా, అని.

మూడో ఇంటర్వ్యూ నుంచి ఆయన ఉత్త చేతులతో వచ్చారు.

"కవరేదండీ?"

"ఒరిజినల్స్ వాళ్ళే ఉంచుకున్నారు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

మా వైపు ప్రైవేటు కాలేజీల్లో చేరినవాళ్ళ ఒరిజినల్స్ ఆఫీసులో పెట్టేసుకుంటారు. ఏడాది మధ్యలో లెక్చరర్ ఇంకో కాలేజీకి వెళ్ళిపోకుండా అదొక కట్టుబాటు. కాబట్టి ఒరిజినల్స్ తీసుకున్నారంటే ఉద్యోగం ఇచ్చినట్టేనని అందరూ అనుకునేవారు. ఆయనా అదే అనుకున్నారు. కాని చేరమని ఎవరూ ఇంకా చెప్పలేదు.

మాకు ఫోను లేదు. కాలేజీకి పక్కింటి పిన్నిగారి నంబరు ఇచ్చాం. ఆవిడ ఫోను మోగితే చాలు, ఈయన గోడ దగ్గరికి వెళ్ళి నిలబడేవారు.

"మీకు కాదండీ అల్లుడుగారూ, మా చెల్లెలు!" అని ఆవిడ లోపల్నుంచే అరిచేది. "మీ బాపట్లవాళ్ళ ధర్మమా అని మా ఇంట్లో ఎవరం ఫోను పట్టుకోవడానికి లేకుండా పోయింది. ఆ కరస్పాండెంటుకి సంబంధం చూస్తున్నట్టుంది మా పరిస్థితి."

ఆయన కూడా నవ్వేవారు. ఎండలు తగ్గాయి. మొదటి వాన పడింది. కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. పిన్నిగారు హాస్యాలాడటం మానేసింది. నాకు అది నచ్చలేదు.

అప్పుడు రేపల్లె నుంచి కబురొచ్చింది. అక్కడొక హైస్కూలు హెడ్మాస్టరు గారికి ఈయన పాఠం బాగా చెబుతారని తెలుసు. జీతం తక్కువే, కాని శనివారంలోగా ఒరిజినల్స్ తెచ్చి చూపిస్తే సోమవారం నుంచి చేరిపోవచ్చన్నారు. లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు.

"బాపట్ల వెళ్ళి తెచ్చుకుందామండీ," అన్నాను.

"అడిగితే వెళ్ళిపోతున్నాడనుకోరూ? చేతికొచ్చినదాన్ని మనమే చెడగొట్టుకున్నట్టవుతుంది."

"చేతికి రాలేదుగా."

చివరికి, "నువ్వూ రా. పనిలో పనిగా అద్దెకి ఇల్లు చూసొద్దాం," అన్నారు.

కాలేజీ వరండాలో బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళ ఒళ్ళో ఫైలు ఉంటుంది. వీళ్ళ చేతులు ఖాళీగా ఉన్నాయి. నేను ముందు చూసింది అదే. ఆయనకి చెప్పలేదు.

మా పక్కన కూర్చున్నాయనది పిట్టలవానిపాలెం. "ఎన్నిసార్లు పిలిచారు మాస్టారూ?" అని ఈయన్ని అడిగాడు.

"మూడుసార్లండి."

"నన్నూ అంతే. మకాం మారుస్తారా అన్నారా?"

"అన్నారండి."

"టీ ఇచ్చారా?"

ఈయన తలూపారు.

"నాకు బిస్కెట్లు కూడా ఇచ్చారండి," అని ఆయన గట్టిగా నవ్వాడు. "ఏ సబ్జెక్టండీ మీది?"

"కెమిస్ట్రీ."

ఆయన నవ్వు ఆగిపోయింది.

గుమాస్తా పిలిచాడు. సంగతి విని ఇనుప బీరువా తెరిచాడు. లోపల కవర్లు రబ్బరు బ్యాండ్లు వేసి సబ్జెక్టులవారీగా కట్టలు కట్టి ఉన్నాయి. కెమిస్ట్రీ కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. మా కవరు అన్నిటికన్నా పైన ఉంది. దాని కింద ఎన్నున్నాయో లెక్కపెట్టాలనిపించలేదు.

"తీసుకెళ్తే తీసుకెళ్ళండి సార్. కాకపోతే తీసుకెళ్ళినవాళ్ళ పేరు కొట్టెయ్యమన్నారు కరస్పాండెంటు గారు. మీ ఇష్టమండి."

ఆయన నా వైపు చూశారు.

"తీసుకోండి. రేపల్లె వెళ్దాం," అన్నాను.

ఆయన కవరు మీద చెయ్యి వేశారు. కాసేపు అలాగే ఉంచారు. తర్వాత చెయ్యి తీసేసి, "ఉండనివ్వండి. ఇంకో వారం చూస్తాం," అన్నారు. గుమాస్తా కట్టను మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బయటికొచ్చాక అడిగారు. "మనది పైనుంది, చూశావా?"

ఆఖరున ఇచ్చింది పైనే ఉంటుంది. ఆ సంగతి ఆయనకి తెలియదని నేననుకోను.

తర్వాత ఇల్లు చూశాం. రెండు గదులు, వెనక బావి. ఇంటి యజమానురాలు, "ఉద్యోగం ఆర్డరు వచ్చిందా బాబూ?" అని అడిగింది.

"వచ్చినట్టేనండి," అన్నారు. వంటింటి కిటికీ తెరిచి, గాలి బాగా వస్తోందని నాకు చూపించారు.

శనివారం దాటిపోయింది. రేపల్లెలో ఇంకొకరు చేరారు. బాపట్ల కాలేజీ తెరిచిన తర్వాత ఒక మధ్యాహ్నం పిన్నిగారు ఈసారి అరవకుండా మా గుమ్మం దాకా వచ్చింది. "బాపట్ల నుంచమ్మా," అంది. నా ముఖం వైపు చూడలేదు.

నేను ఆయన వెనకే వెళ్ళాను. ఆయన అటువైపు మాట వింటూ, "అలాగేనండి, అలాగేనండి," అన్నారు. ఫోను జాగ్రత్తగా పెట్టేశారు.

"ఏమన్నారండీ?"

"వచ్చి సర్టిఫికెట్లు తీసుకెళ్ళమన్నారు." కొంచెం ఆగి, "మళ్ళీ ఇంటర్వ్యూకి పిలిచేదుంటే తీసుకెళ్ళమనరు కదూ?" అని అడిగారు.

పిన్నిగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అనరండి," అన్నాను.