కరకట్ట మీద కూర్చున్న అమ్మ

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలంలో, రిటైర్మెంటు దగ్గరపడ్డ నన్ను భద్రాచలం పంపారు. గోదావరి కరకట్ట వెంట జనం వాకింగ్ చేసే బాటలో శిల్పాల ప్రదర్శన. నా హోదా హైడ్రా ఆపరేటర్, అంటే బరువులెత్తి మోసుకెళ్లే చిన్న క్రేన్ నడిపేవాణ్ణి. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి కనుక కళల గురించి నాకు తెలిసిందంతా టన్నుల్లోనే ఉండేది.

చివరగా వచ్చింది నల్లరాతి బొమ్మ. బీడీలు చుట్టే తునికాకు కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి. బాట మలుపులో కూర్చోబెడితే చూపు నదిమీద పడేలా, చెక్కిన సుమతి మేడం ఆ మెడను పక్కకు తిప్పింది. మలుపులో దిమ్మె సిమెంటు ఆరలేదని ఇంజనీరు ఆపడంతో, సాయంత్రం బాట మొదట్లో, చాయ్ బండి పక్కన దించాం.

బెల్టు ఒరుసుకుని రాయి పెచ్చు లేవకుండా మధ్యలో గుడ్డ వేయడం మా పద్ధతి. బెల్టులు కట్టి, సైగలతో నన్ను నడిపించే ఖలాసీ సత్తెన్న ఆ రోజు గుడ్డకు బదులు ఇంటినుంచి పసుపుచీర తెచ్చాడు. పెద్ద బరువెత్తే ముందు చక్రాలకింద నిమ్మకాయలు తొక్కించడమూ మా ఆనవాయితీయే; నలిగిన కాయలు బొమ్మ ముందే పడి ఉన్నాయి. దుమ్ము పడకుండా ఆ చీరే బొమ్మకు కప్పి ఉంచమని మేడం చెప్పింది.

పసుపుచీర, నిమ్మకాయలు చూసి జనం అమ్మవారనుకున్నట్టున్నారు, తెల్లారేసరికి బొమ్మ కాళ్లకు పసుపు, ముందు అగరొత్తులు. చాయ్ బండివాడు అప్పుడే కొబ్బరికాయలు కూడా అమ్మకానికి పెట్టాడు. మలుపులో దిమ్మె ఆరింది, పది గంటలకు ప్రారంభోత్సవం. బొమ్మనెత్తడానికి నేను క్రేన్ బూమ్ చాపగానే పూలమ్మే వెంకటమ్మ అడ్డం నిలబడ్డది.

"కూసున్న అమ్మను లేపుతరా ఎవరన్నా?"

ఇంజనీరు నచ్చచెప్పబోతే మిగతా ఆడవాళ్లు కూడా కింద కూర్చున్నారు. ఇది దేవత కాదు, నేను చెక్కిన మనిషి అన్నది మేడం.

"చెక్కకుండ ఏ అమ్మ వచ్చింది బిడ్డా?" అన్నది వెంకటమ్మ.

ఏడాది పాటు చెక్కిన ఆ చూపు చాయ్ గ్లాసుల పాలవుతుందని మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దిగి, బొమ్మ మెడ దగ్గర చీర కాస్త పక్కకు జరిపాను.

"పెద్దమ్మా, ఆ మెడ సూడు. గోదారి కోసం తిరిగింది. మనమేమో చాయ్ బండి సూపెడుతున్నం."

వెంకటమ్మ మెడనూ నదినీ మార్చి మార్చి చూసి, అవ్ అన్నది. ఎత్తేవాడు చెప్పులు విడవాలని షరతు పెట్టి, పేరడిగింది. ఏసుదాసు అన్నాను.

"పేరేదైతేంది, చెప్పులిడువు."

చలికి మంచుగడ్డలా ఉన్న ఇనుప పెడళ్లను వట్టికాళ్లతో తొక్కుతూ, మనిషి నడకంత వేగంతో పోనిచ్చాను. ముందు ఆడవాళ్లు నీళ్లు చల్లుతుంటే, చక్రం జారుతుందని సత్తెన్న వాళ్లను బతిమాలుతూ వెనక్కి నడిచాడు. మలుపులో దించాక, అమ్మకు నది అడ్డం లేకుండా కనపడాలని వెంకటమ్మే చీర తీసింది. అది సత్తెన్నకు మాత్రం తిరిగి రాలేదు. కాళ్లమీది పసుపును మేడం తుడవనివ్వలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. దించే చోటు సిద్ధం కాకుండా బరువెత్తకూడదు. ఎత్తక తప్పకపోతే నీలం టార్పాలిన్ కప్పాలి. దానికి ఎవరూ దండం పెట్టరు.