మసి కక్కిన చుక్క, మా సర్వజ్ఞుడు

మా పరిశీలనశాలలో తెలివికి కొరత లేదు. ఉన్నదంతా అధిపతి గారొక్కరి దగ్గరే పోగుపడింది, అంతే. చాటుగా ఆయన్ని సర్వజ్ఞుడు అనేవాళ్లం, ఎదుట తందానా అనేవాళ్లం. నేను టెలిస్కోపుకి నూనె పెట్టే మెకానిక్‌ని.

మేం చుక్కలక్క అని పిలుచుకునే పరిశీలకురాలిది ఇరవై ఆరేళ్లుగా ఒకటే పని. చీకటి పడగానే ఒక ముసలి ఎర్ర చుక్కను చూసి, పక్క చుక్కలతో పోల్చి, వెలుగెంతో రిజిస్టరులో రాయడం. ఎర్ర చుక్కను రెప్పపాటు చూసి చూపు తిప్పేసుకోవాలి. తేరిపార చూసేకొద్దీ అది లేని వెలుగు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ పద్ధతి అక్కకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ఒక ఏడాది ఆరు వారాల పాటు వెలుగు తగ్గుతున్నట్టు రాసింది. సర్వజ్ఞుడు ఒంటికాలి మీద లేచాడు.

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడు తగ్గుతుందా? మసకబారింది చుక్క కాదమ్మా, నీ కళ్లు."

"చుక్క ముసలిదైంది సార్. ఒళ్లు ఉబ్బి, లోపలి బొగ్గు పైకి తేలింది. పైన చల్లబడి మసి అవుతోంది. దాని వెలుగే ఆ మసిని బయటికి నెడుతుంది, మసి తనతో పాటు చుక్క మీది గాలిని ఈడ్చుకుపోతుంది. ఆ మసే మనకి అడ్డమొచ్చింది."

ఆయన వెళ్లి ఐదు నిమిషాలు కళ్లప్పగించి చూశాడు. భేషుగ్గా వెలుగుతోందన్నాడు.

"రెప్పపాటే చూడాలి సార్."

"నాకు చూడటం నేర్పుతావా?"

మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి చూపించాడు. వెనకాల ఆయన నిలబడి ఉంటే చటుక్కున లేచే దమ్ము ఎవరికుంది? అందరం తనివితీరా చూశాం, భేషుగ్గా ఉందని సంతకాలు పెట్టాం. ఆ ఆరు వారాల పేజీలు చింపించి, తన అంకెలు తానే రాసుకున్నాడు. అక్కను పుస్తకాల గదికి పంపాడు, అట్టలు అతికించుకోమని.

నాలుగు నెలల్లో చుక్క కనబడకుండా పోయింది. ఎంతసేపు కళ్లు చిట్లించినా లేదు. సర్వజ్ఞుడు సిగ్గుపడలేదు, సభ పెట్టాడు. ముసలి చుక్క, బొగ్గు, మసి, గాలి అంటూ అక్క మాటలే అక్కకు గంటసేపు వినిపించాడు. మేం చప్పట్లు కొట్టాం. నా జన్మకి అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు.

తర్వాత పుస్తకాల గదికి వచ్చాడు. మసి ఏ వారం మొదలైందో ఎక్కడా ఎవరూ రాసుకోలేదట, ఆ అంకెలు కావాలట.

"చింపించింది మీరే కదా సార్. నా దగ్గర వేరే కాపీ లేదు," అంది అక్క. ఆ చుక్క మళ్లీ ఎప్పుడు మసి కక్కుతుందో, అప్పటికి తనుంటుందో లేదో ఆమెకు తెలియదు. ఆయన ముఖం కందగడ్డ చేసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెంట వచ్చిన నేను జాలి చూపిద్దామని మిగిలాను.

"తమ్ముడూ, ఆ రోజు నీకెలా కనిపించింది?" అని అడిగింది.

"కన్ను పెట్టగానే మసగ్గానే ఉందక్కా. తర్వాత తర్వాత..."

అక్క ఒక పుస్తకం అట్టకు జిగురు రాస్తూ తలెత్తకుండానే అంది: "నీ కళ్లకేం రోగం లేదు తమ్ముడూ. అవి బాగానే ఉన్నాయి."