కాటా మామ పేరు పెట్టాక

చదువైపోయిన ఆ కొత్తల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నా అంత తెలివైనవాడు గూడూరులో లేడని. రెండు, పేరుకు ఎంత నోరు తిరక్కపోతే సాఫ్ట్‌వేర్ అంత గొప్పదని. ఆ ఊపులోనే, నిమ్మకాయల ధర ఏ రోజు ఎంతో పొద్దున్నే రైతులకు చెప్పే యాప్ ఒకటి తయారుచేసి, 'సిట్రోనెక్సా ఇన్‌సైట్ ప్రో' అని పేరు పెట్టాను (యాప్ తొమ్మిది రోజుల్లో అయిపోయింది, పేరుకు పదకొండు పట్టింది). నాన్న మాత్రం ఒకటే మాట చెప్పాడు. "ఎండాకాలం లోపల నూరుమంది వాడితే సరే. లేదంటే చెన్నైకి ఉద్యోగానికి పో."

రెండు నెలలు మార్కెట్టంతా తిరిగితే ముగ్గురు ఫోనులో ఎక్కించుకున్నారు. అందులో ఇద్దరు అమ్మా, అక్కా. రైతులు పేరు చూడగానే ఫోను వెనక్కిచ్చేసేవారు. ఒకాయనైతే "ఇదేందో పురుగుమందు పేరు మాదిరి ఉండాదబ్బాయా, ఎకరాకు ఎంత కొట్టాల?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "మరి కాయ కోసే ముందు ధర ఎట్లా తెలుసుకుంటావన్నా?" అని అడిగాను.

"కాటా మామకు ఫోన్ చేస్తాం గదా!"

కాటా మామంటే మార్కెట్లో బస్తాలు తూచే సాయిబుగారు. ముప్పై ఏళ్లుగా ఆయన మాట మీదే రైతులు కాయ కోస్తారు. వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను. "పెట్టుకో బేటా, నా పేరేమన్నా అరిగిపోతాదా?" అని నవ్వాడు. యాప్‌కు 'కాటా మామ' అని పేరు మార్చాను. లోపల ఒక్క ముక్క కదిలించలేదు. వారం తిరక్కుండా నూరు దాటింది! నాన్న చెన్నై మాటెత్తడం మానేశాడు.

చిక్కల్లా ధర పడిపోయిన రోజు వచ్చింది. రైతులు నేరుగా మామ మీదికే పోయారు. "ఏంది మామా, నిన్న ఫోనులో అంత చెప్పి ఈరోజు ఇట్లా చేసినావే?" మామ దగ్గరున్నది పాత మీటల ఫోను, అందులో యాప్‌లే ఎక్కవు. అయినా తొణక్కుండా, "మీ కాయ అట్లుండాది మరి! మంచి కాయ తెండి, రేపు పెంచుతా" అన్నాడు (నేను బస్తాల వెనక దాక్కున్నాను).

మొన్న మార్కెట్‌కు వెళితే, నన్నెరగని రైతొకాయన ఆ యాప్ చూపించి, "ఇది వాడన్నా, శానా బాగుంటాది. ఈ మామే కష్టపడి చేసినాడు" అన్నాడు. పక్కనే ఉన్న మామ నావైపు చూసి సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు. ఆ వయసులోనైతే అక్కడే నా డిగ్రీ తీసి చూపించేవాణ్ణి. ఇప్పుడు ఎందుకో పట్టరాని సంతోషం వచ్చింది. "మామా, నాక్కూడా ఎక్కించి పెట్టవా?" అని నా ఫోను ఆయన చేతిలో పెట్టాను.